మగచేప కాన్పు

మగచేపకు కాన్పు దగ్గరపడిందట, అందుకని నేను మా ఊరికి పోకూడదట. ఈ మాట నాతో అన్నది మతిలేని మనిషి కాదు. ఎమ్మెస్సీ చదివి, రోజూ దేవుడి ముందు దీపం పెట్టుకునే కృష్ణకుమారి మేడమ్. పోనీ కసిరిందా అంటే అదీ లేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని, నా రెండు చేతులూ పట్టుకుని మరీ అంది. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది. కసిరితే మనమూ నాలుగు మాటలు అనొచ్చు. చేతులు పట్టుకున్న మనిషిని ఏం చేస్తాం?

“నువ్వు లేకపోతే అది బతకదు పుష్పా. నీ హస్తవాసి అలాంటిది. ఈ ఒక్క కాన్పూ గట్టెక్కించు. తర్వాత వెళ్ళి ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండి రా.”

“నా బిడ్డక్కూడా కాన్పే గదా మేడమ్,” అన్నాను.

“తెలుసమ్మా. కానీ అక్కడ నీ అల్లుడున్నాడు, హాస్పిటలుంది, డాక్టర్లున్నారు. దీనికెవరున్నారు చెప్పు?”

వెటకారం కాదు, ఆవిడ నిజంగానే అడిగింది. జవాబు కోసం నా మొహంలోకి చూసింది కూడా. ఆ జవాబు చెప్పడానికి నాకు కొంత కాలం పట్టింది.

మాది రాయచోటి దగ్గర పల్లె. మా వైపు నీళ్ళంటే బోరు నీళ్ళే. సముద్రాన్ని నేను మొదటిసారి చూసింది విమానం కిటికీలోంచి. ఊళ్ళో పసిపిల్లలకు నీళ్ళు పోయడం నా పని, మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. బిడ్డను కాళ్ళమీద పడుకోబెట్టుకుని, ఒళ్ళంతా నూనె పట్టించి, ముక్కు తీర్చి, తల నెమ్మదిగా ఒత్తి, వేన్నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ చూపించి తల్లి పక్కన పడుకోబెడితే, ఆ బిడ్డ మధ్యాహ్నం దాకా లేవకూడదు. మా ఊళ్ళో తిరిగే తలకాయల్లో సగం నేను గుండ్రం చేసినవే. ఆ పని తెలుసనే ఒక తెలుగువాళ్ళు నన్ను ఖతార్ పిలిపించారు. దోహాలో ఉమ్ ఘువైలినా అనే పేటలో వాళ్ళ ఫ్లాట్‌లో ఒక పసివాణ్ణి పెంచి పెద్ద చేశాను. వాళ్ళు ఇండియాకు వెళ్ళిపోతూ నన్ను కృష్ణకుమారి మేడమ్‌కు అప్పజెప్పారు.

ఆవిడ ఇల్లు దోహాకు దూరంగా అల్ ఖోర్‌లో. సార్‌కు గ్యాస్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. పిల్లలిద్దరూ ఇండియాలో చదువుకుంటున్నారు. మన తెలుగువాళ్ళ ఇల్లు, ఉన్నది ఇద్దరే మనుషులు, ఇక నాకేం పని ఉంటుందిలే అని సంబరపడ్డాను. హాల్లో సోఫాకు ఎదురుగా ఉన్న గాజుతొట్టి నా లెక్కలోకి రాలేదు.

ఆ తొట్టిలో రెండు సముద్రగుర్రాలు. చేప అన్నాక చేపలా ఉండాలా వద్దా? తల చూస్తే గుర్రం. తోక చూస్తే కోతి. పొలుసులు లేవు. అడ్డంగా ఈదదు, నీళ్ళలో నిలువుగా నిలబడి ఉంటుంది. వీపుమీద ఒక సన్న రెక్క గడగడా ఆడుతుంటే కొంచెం కొంచెం జరుగుతుంది. కాస్త అలసిపోతే తోకతో దేన్నో ఒకదాన్ని చుట్టుకుని వేలాడుతుంది. ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు. రెండూ పసుపు రంగే, నా చిటికెన వేలికంటే ఒకింత పొడవు.

ఇంత చిన్న ప్రాణానికి ఉన్న సోకులు అన్నీ ఇన్నీ కావు. దానికి కడుపులో తిండి నిలవ ఉండే సంచే లేదట. తిన్నది తిన్నట్టు కిందికి పోతుందట. అందుకని మాటిమాటికీ కొద్దికొద్దిగా పెడుతూనే ఉండాలి. పెట్టేది గడ్డకట్టించిన సన్నరొయ్య. ఆ మంచు కరిగించి, కడిగి, గాజు పిచికారీతో సరిగ్గా దాని మూతి ముందు వదలాలి. ఒక జానెడు అవతల పడితే వెంటబడి తినే ఓపిక దానికి లేదు. తినక మిగిలిన ముక్కను వెంటనే తీసేయాలి, లేకపోతే నీళ్ళు చెడతాయి. నీళ్ళు వేడెక్కకూడదు. బయట ఎండకు రోడ్డు తారు కరుగుతున్నా, తొట్టి పక్కన చల్లబరిచే మిషను ఆగకుండా తిరుగుతూనే ఉండాలి. తొట్టిలో చేయి పెట్టే మనిషి చేతికి సబ్బు వాసన కూడా ఉండకూడదు. మేడమ్ పొద్దున లేస్తే మొహానికొకటి, చేతులకొకటి క్రీములు రాసుకుంటుంది. సార్ డ్యూటీ నుంచి వస్తే మంచం కనిపిస్తే చాలనుకుంటాడు. ఇక మిగిలింది ఎవరు? నేను. అంట్లు తోమేటప్పుడు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, ఆ చేపల కోసం నా చేతులు కాపాడుకుంటూ వచ్చాను. నా చేతులకు అంత మర్యాద ఎన్నడూ జరగలేదు.

అవంటే నాకు అయిష్టమని అనుకోకండి. పొద్దున్నే నేను హాల్లో లైటు వేయగానే ఆడది తన మూలనుంచి బయలుదేరి వచ్చేది. మగది తొట్టి నడుమ ఎదురొచ్చేది. రెండూ కాస్త రంగు తేలి, తోకలు తోకలు పెనవేసుకుని గుండ్రంగా తిరిగేవి. కాసేపు అలా తిరిగి, ఎవరి మూలకు వాళ్ళు పోయేవాళ్ళు. రోజూ అదే వరస. కాఫీ పెట్టడం మానేసి నేను అది చూస్తూ నిలబడేదాన్ని.

ఒకనాడు మగదాని కడుపు ఉబ్బింది. నేను రోగమనుకున్నాను. మేడమ్ ఎగిరి గంతేసింది.

“పుష్పా, ప్రెగ్నెంట్! వీటిలో మగవే మోస్తాయి తెలుసా? ఆడది గుడ్లు తీసుకెళ్ళి మగదాని సంచిలో పెట్టేస్తుంది. కనేది కూడా మగదే!”

ఇది విని నాకు నవ్వాగలేదు. దేవుడు ఒక్క చోటన్నా న్యాయంగా ఆలోచించాడే అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే మా రెడ్డిరాణికి ఫోన్ చేసి చెప్పాను.

రెడ్డిరాణి నా కూతురు. అప్పటికి తనకు ఏడు దాటి ఎనిమిదో నెల. అంతకు ముందొకసారి ఐదో నెలలో కడుపు పోయింది. అప్పటినుంచి దానికి భయం. దగ్గినా భయమే, మెట్టు దిగినా భయమే. అత్త లేదు. అల్లుడు ఆంజి మంచివాడే కానీ, రక్తం చూస్తే వాడే ముందు పడిపోతాడు. ఈ చేప సంగతి చెబితే చాలా రోజుల తర్వాత అది పగలబడి నవ్వింది.

“మా, ఈయనకు చెప్తానుండు. ఆ చేపను చూసి నేర్చుకోమంటా,” అంది. నవ్వు ఆగాక, “నువ్వు కాన్పుకు వస్తాండావు గదా మా? నువ్వు పక్కనుంటే నాకు భయం ఉండదు,” అంది.

“టికెట్టు తీసినారు, నీ ముందర ఉంటా,” అన్నాను. అబద్ధం కాదు. సార్ టికెట్టు తీశాడు. మేడమే దగ్గరుండి తేదీ చూసింది.

అక్కడితో అయిపోతే ఈ కథే లేదు. మేడమ్‌కు ఫోన్లో ఒక ఛానెల్ ఉంది. మొదట్లో ఖతార్‌లో గోంగూర ఎక్కడ దొరుకుతుంది, పచ్చళ్ళు ఎలా పెట్టాలి అని చెప్పుకునేది. ఎప్పుడైతే సముద్రగుర్రాలు అందులోకి ఎక్కాయో, చూసేవాళ్ళు పెరిగారు. మగచేప కడుపుతో ఉందని చెప్పగానే జనం ఎగబడ్డారట. ఎవరో సరదాకి “సీమంతం ఎప్పుడు” అని రాశారు. సరదాకి రాసినదాన్ని సరదాకి వదిలేయాలి. ఈవిడ పంచాంగం తీసింది.

నా బిడ్డకు గాజులు వేయించిన రోజు నేను ఈ ఇంట్లో ఇడ్లీపిండి రుబ్బుతున్నాను. ఆ ముచ్చట నేను ఫోన్లోనే చూశాను. ఫోన్ పట్టుకున్న మా ఆడబిడ్డకు చేయి నిలకడ లేదు, నాకు ఎక్కువసేపు కనిపించింది సీలింగు ఫ్యానే. ఆ సంగతి మేడమ్‌కు తెలుసు. తెలిసీ, చేప సీమంతానికి చలిమిడి నన్నే చేయమంది.

చేశాను. పులిహోర, చలిమిడి, బూరెలు. దోహా నుంచి కూడా ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని కార్లలో వచ్చారు. తొట్టి చుట్టూ మామిడాకుల తోరణం, గాజులు దండలు గుచ్చి కట్టారు. గాజుకు పసుపు రాసి బొట్టు పెట్టారు. మూత మెరిసి వీడియో పాడవుతోందని తొట్టి మూత తీయించారు. పాట పాడారు. అక్కడిదాకా నేను పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను. అంతలో ఒకావిడ పళ్ళెంలోంచి అక్షింతలు తీసి, కళ్ళు మూసుకుని, “సుఖప్రసవం కావాలి నాన్నా” అని తొట్టి మీద చల్లింది. ఆవిడను చూసి ఇంకొకావిడ. తర్వాత అందరూ. పసుపు బియ్యం, దాంతోపాటు కుంకుమ, గుప్పెళ్ళకు గుప్పెళ్ళు నీళ్ళలోకి.

“నీళ్ళల్లో ఎయ్యొద్దండమ్మా! చస్తాయవి!” అని అరిచాను.

“వీడియో నడుస్తోంది పుష్పా, అరవకు,” అంది మేడమ్, నవ్వు మొహం చెదరకుండా.

వచ్చినవాళ్ళు భోజనాలు చేసి, తాంబూలాలు తీసుకుని వెళ్ళారు. నేను సాయంత్రమంతా చేయి తొట్టిలో పెట్టి ఒక్కొక్క గింజా ఏరాను. సన్న నూకలు రాళ్ళ సందుల్లోకి జారిపోయాయి. పసుపు నీళ్ళలో కలిసిపోయింది. సార్ డ్యూటీ నుంచి వచ్చి సగం నీళ్ళు మార్చాడు. ఎంత మార్చినా ఆ నీళ్ళ వాసన మారలేదు. రెండు రోజులకు ఆడది తోకపట్టు వదిలేసి, అడుగున పక్కకు ఒరిగిపోయింది. దాన్ని నా అరచేతిలోకి తీసుకున్నప్పుడు ఒక ఎండుటాకంత బరువు కూడా లేదు.

మేడమ్ ఆ పూట అన్నం తినలేదు. ఏడ్చింది. ఏడుస్తూ ఒక వీడియో పెట్టింది. చూసినవాళ్ళంతా అయ్యో పాపం అని రాశారట. అక్షింతల మాట ఒక్కరంటే ఒక్కరు ఎత్తలేదు.

“అందరి కళ్ళూ పడ్డాయి పుష్పా. దిష్టి,” అంది ఆవిడ.

“కళ్ళు గాదు మేడమ్, బియ్యం పడినాయి,” అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. “ఆశీర్వాదానికి ఎవరన్నా చస్తారా?” అంది.

చస్తారు మేడమ్. చూశారుగా.

మగది మాత్రం మిగిలింది. పొద్దున్నే లైటు వేయగానే తన మూలనుంచి బయలుదేరి తొట్టి నడుమకు వచ్చేది. అక్కడే నిలబడేది. ఎదురొచ్చేవాళ్ళు ఎవరూ లేరు. కాసేపు చూసి, వెనక్కి పోయి ప్లాస్టిక్ మొక్కకు తోక చుట్టుకుని తల వంచుకునేది. తిండి మానేసింది. మూతి ముందు రొయ్య వదిలితే ఒక కన్నుతో చూసి ఊరుకునేది. కడుపు చూస్తే నిండుగా ఉంది. నా మనసు ఊరుకోలేదు. పిచికారీ పక్కన పడేసి, రొయ్యముక్కను నా వేళ్ళ కొసన పట్టుకుని, నీళ్ళలో చేయి కదలకుండా పెట్టి నిలబడ్డాను. భుజం లాగేసింది. చివరికి అది తోక వదిలి, నా దగ్గరకు వచ్చి, నా చూపుడువేలికి తోక చుట్టుకుంది. చుట్టుకుని, టక్కున రొయ్యను పీల్చుకుంది.

వెనకనుంచి మేడమ్ ఫోన్లో అదంతా తీస్తోందని నాకు తెలియదు. అది నా చేతిలో తిన్న పూటే నా టికెట్టుకు ఎసరు పెట్టారు. మర్నాడు ఆవిడ నా చేతులు పట్టుకుంది. మొదట్లో చెప్పింది ఆ ముచ్చటే. సార్ సోఫాలో కూర్చుని ఫోన్లో ఏదో నొక్కాడు. అంతే, నా ప్రయాణం ఎటో వెనక్కి జరిగిపోయింది. పాస్‌పోర్టు నా దగ్గర ఉండాల్సిందే. కానీ “నీ గదికి తాళం సరిగా లేదుగా” అని మేడమ్ తన బీరువాలో భద్రంగా పెట్టింది. నా వస్తువులన్నీ ఆ ఇంట్లో భద్రంగానే ఉండేవి, నా చేతికి అందకపోవడమే తక్కువ.

పక్క విల్లాలో డ్రైవర్ ఇమామ్‌ది మా రాయచోటే. చెత్తసంచీ బయట పెట్టడానికి పోయినప్పుడు వాడికి చెప్పాను. కారు తుడుస్తున్న గుడ్డ చేతిలోనే ఆగిపోయింది.

“చేపకు కాన్పేందక్కా? అదీ మగచేపకా? నీకు జ్వరం గాని వచ్చిందా?”

“వచ్చింటే బాగుండు.”

“గట్టిగా అడుగక్కా. పాస్‌పోర్టు నీది, కాళ్ళు నీవి. కుదరదు, మాఫీ అని అరబ్బీలో అనెయ్, అయిపాయ.”

“అరిస్తే అరుస్తా రా. ఆమె ఏడుస్తాది. నువ్వు మా ఇంటి మనిషివి అంటాది. ఎట్ల అడగాల?”

“ఇంటి మనిషా?” అన్నాడు ఇమామ్. “నేనూ మా బాబాకు ఇంటి మనిషినే. పండుగకు ఇంటికి పోయి నాలుగేండ్లాయ.” బాబా అంటే వాడి అరబ్బు యజమాని.

ఆ రోజే రెడ్డిరాణికి కూడా చెప్పాల్సి వచ్చింది. ఎన్ని రకాలుగా తిప్పి చెప్పినా ఆ సంగతికి మర్యాద రాలేదు.

“చేపకా మా?” అంది. తర్వాత “సరేలే మా,” అంది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ ‘సరేలే’ నా చెవిలో ముల్లులా ఉండిపోయింది. ఆపైన మేడమ్ ఒక పెద్ద షాపునుంచి పసిపిల్ల గౌను, టోపీ, మేజోళ్ళు కొనుక్కొచ్చింది. “రెడ్డిరాణికి నా తరఫున పంపించు. పాపైనా బాబైనా సరిపోతుంది,” అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదని అందరూ అంటారు. నేనూ అంటాను. చెడ్డ మనిషైతే ఆ గౌను మొహాన కొట్టి వచ్చేదాన్ని.

మగచేపకు నొప్పులు ఒక ఉదయం మొదలయ్యాయి. లైటు వేసేసరికి మొక్కకు చుట్టుకుని వంగుతోంది, నిటారుగా అవుతోంది, మళ్ళీ వంగుతోంది. సంచి మూతి విచ్చుకుంది. ఒక్క ఊపుకు పొగలా కొన్ని పిల్లలు బయటపడ్డాయి. మీసం వెంట్రుకంత సన్నం. కానీ గుర్రం మూతి, కోతి తోక అన్నీ ఉన్నాయి. పుడుతూనే ఒకదాని తోక ఒకటి పట్టుకుంటున్నాయి. నీళ్ళు తోడే మోటారు లాక్కుపోయేలోపల వాటిని గిన్నెతో తీసి పక్కన ఉన్న చిన్నతొట్టిలో వేయాలి. మేడమ్ నైటీ మీదే పరిగెత్తుకొచ్చి, మూడుకాళ్ళ స్టాండు మీద ఫోన్ పెట్టి మాట్లాడటం మొదలుపెట్టింది. నేను రెండు చేతులూ మోచేతుల దాకా ఉప్పునీళ్ళలో పెట్టి పిల్లల్ని గిన్నెతో ముంచి తీస్తున్నాను.

అప్పుడు వంటింట్లో నా ఫోన్ మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది.

“అబ్బా, వీడియోలో పడుతోంది,” అని మేడమ్ లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఫోన్ నోరు మూసుకుంది. ఆవిడ తిరిగొచ్చింది.

“ఎవురు మేడమ్?”

“మీ ఇంటినుంచేలే. తర్వాత చేద్దువుగాని. అటు చూడు అటు, మోటారు దగ్గరకి పోతున్నాయి!”

చేతులు తీసేస్తే అవి పోతాయి. కళ్ళముందు ఆ మోటారు మూతికి కొట్టుకుపోతున్నాయి. ఏ నీళ్ళలో ఉన్నా పసికందు పసికందే. నేను ముంచి తీస్తూనే ఉన్నాను. ఆ మగచేప వంగినప్పుడల్లా ఇంకో పొగ. అది ఖాళీ అయి, మొక్కకు వేలాడుతూ ఆయాసపడేదాకా నా చేతులు నావి కాలేదు.

తుడుచుకుని వెళ్ళి ఫోన్ చూస్తే, తెర నిండా ఆంజి పేరే. వెంటనే చేశాను. వాడు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అర్థం కాలేదు.

“అత్తా, ఆడబిడ్డ! ఇద్దరూ బాగుండారు. డాక్టరు చెప్పిన దానికంటే ముందే నొప్పులొచ్చినాయి. లోపలికి తీస్కపోయే ముందర ‘మాయమ్మతో ఒక్క మాట మాట్లాడాల’ అని రెడ్డిరాణి ఒకటే ఏడుపు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని అట్లనే మోగించుకుంటా ఉండాది. నర్సమ్మ గుంజుకునేదాకా ఇయ్యలేదు.”

వంటగట్టుకు ఆనుకున్నాను. వాడు ఫోన్ దానికిచ్చాడు. గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది.

“మా.”

“చెప్పు నాయనా.”

“నీ చేప ఎట్లుండాది మా? అయిపోయిందా దానికి?”

అది ఎత్తిపొడవలేదు. దానికి ఎత్తిపొడవడం రాదు. పచ్చి ఒంటితో పడుకుని, నిజంగానే అడిగింది. నేను ఫోన్ పెట్టేసి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మేడమ్ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. నా మాటలు విన్నట్టుంది. “ఆడపిల్లా? కంగ్రాట్స్ పుష్పా! చూశావా, ఎంత మంచి ఘడియో! రెండు కాన్పులూ ఒకేసారి. రా, వీడియోలో చెబుదాం, అందరూ సంతోషపడతారు!”

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అరవలేదు. హాల్లోకి పోయాను. ముందు రెండు రొయ్యముక్కలు తీసి, అలసిపోయి ఉన్న ఆ మగచేపకు నా చేత్తో పెట్టాను. దానిమీద నాకేం కోపం? దాని ఆడదాన్ని చంపుకున్నదీ అది కాదు, నన్ను ఆపిందీ అది కాదు. అది తిన్నాక వంటింట్లోకి వచ్చాను. అంట్లు తోమే సబ్బు తీసుకుని, నురగ వచ్చేలా, వేళ్ళ సందులు కూడా వదలకుండా మోచేతుల దాకా రుద్దుకున్నాను. రెండోసారి కూడా రుద్దుకున్నాను. ఆ సబ్బు నిమ్మకాయ వాసన హాలుదాకా కొట్టింది. పోయి సోఫాలో కూర్చున్నాను. ఆ సోఫాను దులపడమే తప్ప నేను ఎప్పుడూ కూర్చుని ఎరగను. బాగా మెత్తగా ఉంది.

“పుష్పా, ఏం చేశావ్! ఆ చేతులు తొట్టిలో ఎలా పెడతావ్?” అంది మేడమ్.

“పెట్టను మేడమ్. పెడితే చస్తాయి. నా పాస్‌పోర్టు ఇయ్యండి.”

“ఇప్పుడా? అన్ని పిల్లలున్నాయి, వాటికి ఎవరు పెడతారు? నీకేం జాలి లేదా?”

“వాటికి నాయన ఉండాడు గదా. నీళ్ళుండాయి, మిషనుండాది. మీ వీడియో చూసేటోళ్ళు అంతమంది ఉండారు. నా బిడ్డకు ఎవురుండారు, చెప్పండి.”

ఆవిడ మాటలు ఆవిడకే గుర్తొచ్చాయో లేదో తెలియదు. మొహం ఎర్రబడింది. “మా ఇంటి మనిషివి అనుకున్నాను పుష్పా. ఇంత మాట అంటావనుకోలేదు.”

“మీ ఇంటి మనిషినైతే, నా ఫోన్ మోగినప్పుడు తెచ్చి నా చెవి దగ్గర పెట్టుందురు. నా చేతులు నీళ్ళల్లో ఉండాయి. మీ చేతులు ఖాళీగానే ఉన్నెయ్యి.”

ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఏడ్చినట్టుంది. ఈసారి నేను లేచి నీళ్ళగ్లాసు పట్టుకుపోలేదు. స్టాండు మీద ఆ ఫోన్ ఇంకా తొట్టివైపే గుడ్లప్పగించి చూస్తోంది. దానికి పనేమీ దొరకలేదు.

సార్ డ్యూటీ దిగి వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. ఆయన బూట్లు కూడా విప్పకుండా అంతా విన్నాడు. తలుపు తట్టి లోపలికి పోయి, పాస్‌పోర్టు తెచ్చి, నా చేతికివ్వలేక టీపాయ్ మీద పెట్టాడు. “సారీ అమ్మా. మాకు తట్టలేదు,” అన్నాడు. తట్టకపోవడమేమిటో నాకు అర్థం కాదు. టికెట్టు జరపడం మాత్రం బాగా తట్టింది. ఆయన మళ్ళీ ఫోన్లో నొక్కాడు. వెనక్కి పోయిన ప్రయాణం అంత సులువుగానూ ముందుకు వచ్చింది.

నేను సంచీ సర్దుకుంటుంటే మేడమ్ పిచికారీ పట్టుకుని నా గది గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. “ఎంత పెట్టాలి?” అంది. నేను దాచుకోలేదు. రొయ్య కరిగించడం, చేపపిల్లలకు మేతగా వేసే సన్న నీటిపురుగులను వడగట్టడం, క్రీము మానేయడం, అన్నీ చెప్పాను. ఆవిడ తలాడిస్తూ వింది. నేను మాట్లాడుతుంటే ఆవిడ ఫోన్ పట్టుకోకుండా వినడం నాకు తెలిసి అదే మొదటిసారి.

ఇమామ్ వాళ్ళ బాబాను అడిగి కారు తెచ్చాడు. ఎయిర్‌పోర్టు దాకా వాడే మాట్లాడుతూ వచ్చాడు. దిగేటప్పుడు, “యల్లా, బయల్దేరక్కా, మనవరాలి నెత్తి గుండ్రంగా చెయ్యి పో,” అన్నాడు.

ఇల్లు చేరేసరికి పాపకు పక్కింటి నాగమ్మ నీళ్ళు పోస్తోంది. ఆమె పని ఆమెకు తెలుసు, తప్పుపట్టను. కానీ తల ఒకవైపు కొంచెం అణిగి ఉంది. రెడ్డిరాణి నన్ను చూసి నవ్వింది, బాగున్నావా మా అంది, అంతకుమించి మాట్లాడలేదు. పాపను మాత్రం ఇచ్చింది. ఇంకేమన్నా అడగడానికి నా దగ్గర మొహం ఉంటే కదా.

మర్నాడు పెరట్లో పీట వేసుకుని కాళ్ళు చాపుకున్నాను. పాపను కాళ్ళమీద పడుకోబెట్టుకుని ఒళ్ళంతా నూనె పట్టించాను. అది నా చూపుడువేలు దొరకబుచ్చుకుని వదల్లేదు. రెడ్డిరాణి తలకు గుడ్డ కట్టుకుని గుమ్మంలో కూర్చుని చూస్తోంది. వేన్నీళ్ళ చెంబు ఎత్తానో లేదో, గోడ మీద పెట్టిన నా ఫోన్ మోగింది. తెరమీద కృష్ణకుమారి మేడమ్ ఫోటో, వెనక గాజుతొట్టి.

ఆగింది. మళ్ళీ మోగింది. పిల్లలు చస్తున్నాయేమో. మగది మళ్ళీ తిండి మానేసిందేమో. నేను ఆ ఆలోచన రాకుండా ఆపలేకపోయాను, చెంబు పట్టుకున్న చేయి గాలిలో ఆగింది. రెడ్డిరాణి ఫోన్‌ను చూసింది, నా చేతిని చూసింది. పచ్చి ఒళ్ళు, మెల్లగా గోడ పట్టుకుని లేచింది. నడుచుకుంటూ వెళ్ళి ఫోన్ ఎత్తింది.

“మాయమ్మ చేతులు ఖాళీ లేవు మేడమ్. బిడ్డకు నీళ్ళు పోస్తాండాది.”

అటువైపు ఏం అన్నారో అది వినలేదు. ఫోన్ ఆపేసి, దాన్ని తిరగేసి గోడమీద పెట్టి, వచ్చి నా పక్కనే కూర్చుంది.

“తల ఈ పక్కన అణిగింది చూడు మా,” అంది. “బాగా ఒత్తు.”